వికారాబాద్ నవాబు చూసిన ఖుర్తుబా

వికారాబాద్ స్టేషనులో ప్రతిరోజూ ఎంతోమంది రైలెక్కి దిగుతుంటారు. ఆ ఊరికి పేరిచ్చిన వికారుల్ ఉమరా ఎవరని అడిగితే మాత్రం చెప్పగలవారు కొద్దిమందే. పాయ్‌గా అమీర్లలో ఒకరని పెద్దలంటారు. ఫలక్‌నుమా కట్టించినాయన అని మరికొందరంటారు. రెండూ నిజమే. కాని ఈ వ్యాసానికి కావలసింది ఆయన జీవితంలోని మూడవ సంగతి. ఆయన స్పెయిను దేశం వెళ్ళి ఖుర్తుబా నగరంలోని జామె మస్జిదును చూశాడు. తిరిగి వచ్చిన తరువాత హైదరాబాదులోని బేగంపేటలో, దాని జ్ఞాపకంగా ఒక మస్జిదును తలపెట్టాడు. దానినే ఈనాడు స్పానిష్ మస్జిద్ అని పిలుస్తున్నారు.

ఆయన అసలు పేరు నవాబు ముహమ్మద్ ఫజ్లుద్దీన్ ఖాన్. ఇఖ్బాలుద్దౌలా, వికారుల్ ఉమరా అనేవి బిరుదులు. 1856లో జన్మించాడు. పాయ్‌గావారు తమ వంశమూలాన్ని బాబా ఫరీదుద్దీన్ గంజ్ షకర్ (రహ్మలై) ద్వారా హజ్రత్ ఉమర్ (రజి) వరకు చెప్పుకుంటారు. ఐదవ నిజాం అఫ్జలుద్దౌలా కుమార్తె జహాందారున్నిసా బేగంను ఆయన వివాహమాడాడు. 1901 వరకు కొన్నేళ్ళపాటు నిజాం రాజ్యానికి ప్రధానమంత్రిగా ఉన్నాడు. 1884 మార్చి 3న ఫలక్‌నుమాకు పునాది వేసి, దాని ఖర్చుకు అప్పులపాలై, చివరకు ఆ మహలును ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్‌కు అప్పగించవలసివచ్చింది. వాడీ నుండి సికింద్రాబాదుకు రైలుమార్గం పడింది 1874లో. తాండూరు, వికారాబాద్ ఆ మార్గం మీదివే. ఐరోపా ఓడలు ఎక్కటానికి బొంబాయి చేరే హైదరాబాదు అమీర్లకు ఆ కాలంలో రైలుదారి అంటే ఇదే.

ఆయన చూసిన ఖుర్తుబాను నేనొక జనవరి నెలలో ఒకే ఒక రోజు చూశాను. మాద్రిద్ నుండి రైలులో రెండు గంటలు కూడా పట్టదు. వికారాబాద్ నుండి సికింద్రాబాదుకు పోయి వచ్చేవారికి ఇది దూరంగా తోచదు. అక్కడ చలికాలంలో తెల్లవారేసరికి ఎనిమిదిన్నర అవుతుంది. ఫజ్ర్ నమాజు తీరికగా చేసుకుని బయలుదేరినా వీధులలో ఇంకా దీపాలు వెలుగుతూనే ఉన్నాయి. నది మీద పొగమంచు. ఆ నదిని అరబ్బులు 'అల్ వాదీ అల్ కబీర్' అన్నారు, అనగా పెద్దవాగు అని. స్పెయినువారి నోట అది గ్వాదల్‌కివీర్ అయింది. రోమనుల కాలపు వంతెనను ముస్లిం అమీర్లు మరమ్మతు చేయించి వాడుకున్నారు. ఆ వంతెన మీద నిలబడి చూస్తే ఎదుట మస్జిదు గోడ కనిపిస్తుంది. బయటినుండి అది కోటగోడ లాగానే ఉంటుంది. దాని మధ్యలో నుండి ఒక పెద్ద చర్చి శిఖరం పైకి లేచి ఉంటుంది. మొదటిసారి చూసేవారికి ఇది మస్జిదా, గిరిజాఘరా అన్న సందేహం కలగటంలో తప్పులేదు.

ముందున్న ప్రాంగణంలో నారింజ చెట్లు వరుసలు తీరి ఉన్నాయి. ఆ నెలలో అవి కాయలతో నిండి ఉంటాయి. కాయలు చేదు, తినటానికి పనికిరావు. పూర్వం మస్జిదు ఉత్తరపు ముఖం ఈ ప్రాంగణంలోకి తెరిచి ఉండేది. బయటి వెలుతురు లోపలి స్తంభాల నడుమకు సూటిగా పారేది. తరువాతి శతాబ్దాలలో ఆ ద్వారాలలో చాలావాటిని మూసివేశారు. అందుచేత లోపల అడుగుపెట్టగానే చీకటి.

కళ్ళు చీకటికి అలవాటుపడటానికి కొంతసేపు పడుతుంది. పిమ్మట స్తంభాలు కనబడతాయి. ఒకటి వెనుక ఒకటి, ఎటు చూసినా అంతు తెలియదు. ఈనాటికీ 856 స్తంభాలు నిలిచి ఉన్నాయి. ఒకప్పుడు వెయ్యికి పైగా ఉండేవి. వాటిలో పలురకాల రాళ్ళు, పలురకాల తలకట్లు. తొలి భాగంలోని చాలా స్తంభాలు రోమనుల, విసిగోతుల పాత కట్టడాల నుండి తెచ్చినవి. స్తంభాలు పొట్టివి కావటంతో కప్పు కిందికి వచ్చే ప్రమాదమేర్పడింది. కట్టినవారు ప్రతి స్తంభం మీద మరో కంబం నిలిపి, కింద గుర్రపునాడా ఆకారపు కమాను, దానిపైన అర్ధచంద్రాకారపు కమాను, ఇలా రెండేసి కమానులు వేశారు. ఒక కమానులో ఎర్రని ఇటుక, తెల్లని రాయి ఒకటి విడిచి ఒకటి. ప్రపంచమంతా మెచ్చుకునే ఆ అందం పొట్టి స్తంభాల ఇబ్బందిలోనుండి పుట్టిందన్నమాట. మెరీదా పట్టణంలో రోమనులు కట్టిన నీటి వంతెన చూసి ఈ ఉపాయం నేర్చారని కొందరు విద్వాంసుల అభిప్రాయం. నేర్చుకుంటే మాత్రం లోటేమిటి?

దీన్ని మొదలుపెట్టినవాడు అబ్దుర్రహ్మాన్ ఒకటవవాడు. 750లో అబ్బాసీలు ఉమయ్యా వంశాన్ని ఊచకోత కోసినప్పుడు ఇరవై ఏళ్ళ ప్రాయంలో తప్పించుకుని, ఐదేళ్ళు ఆఫ్రికా తీరాలలో తలదాచుకుని, 755లో అందలుస్‌లో దిగాడు. మరుసటి ఏడు ఖుర్తుబాను చేజిక్కించుకున్నాడు. 785లో, తాను మరణించటానికి మూడేళ్ళ ముందు, పదకొండు వరుసల మస్జిదు కట్టించాడు. అంతకుముందు అక్కడ క్రైస్తవుల గుడి ఉండేదని, దాన్ని వెలయిచ్చి కొన్నాడని అరబ్బు చరిత్రకారులు వ్రాశారు. త్రవ్వకాలు జరిపిన నేటి పరిశోధకులలో ఈ విషయమై ఏకాభిప్రాయం లేదు. మన రచయితలు కొందరు ఆ మొదటి కథను ఎత్తుకోకుండానే దాటేస్తారు. నాకది సబబుగా తోచదు. పోగొట్టుకున్నదాని చరిత్ర చెప్పుకునేటప్పుడు, పొందినదాని చరిత్ర కూడా చెప్పుకోవాలి.

తరువాత అబ్దుర్రహ్మాన్ రెండవవాడు దాన్ని దక్షిణానికి పొడిగించాడు. మూడవవాడు మీనారు లేపాడు. రెండవ హకమ్ 962 నుండి కొన్నేళ్ళు శ్రమించి మరికొంత పొడిగించి మిహ్రాబును కట్టించాడు. మన్సూరు 987 ప్రాంతంలో తూర్పుకు ఎనిమిది వరుసలు కలిపాడు. ఇతని భాగంలో కమానుల ఎరుపు ఇటుక వల్ల వచ్చింది కాదు, రాతిమీద పూసిన రంగు. తొందరలో కట్టిన కట్టడానికి, మనసుపెట్టి కట్టినదానికి తేడా చూడాలంటే ఆ రెండింటి మధ్య పది అడుగులు నడిస్తే చాలు. 2025 ఆగస్టు 8 రాత్రి అగ్నిప్రమాదం జరిగి కొంత నష్టం వాటిల్లింది కూడా ఈ మన్సూరు భాగంలోనే. మంటలు త్వరగా అదుపులోకి వచ్చాయి.

మిహ్రాబు విషయం కొంచెం వివరంగా చెప్పాలి. మన మస్జిదులలో మిహ్రాబు అంటే గోడలో ఒక గూడు. అక్కడ అది ఎనిమిది మూలల చిన్న గది. దాని పైకప్పు ఒకే రాతిని గవ్వ ఆకారంలో చెక్కి అమర్చినది. ముఖం మీది బంగారు గాజుముక్కల పని కోసం హకమ్ కుస్తుంతునియాలోని క్రైస్తవ చక్రవర్తిని అడిగితే ఆయన పనివాణ్ణి, సామగ్రిని పంపాడు. ఆ పనివాడి దగ్గర ఖుర్తుబావాసులు విద్య నేర్చుకున్నారు. కూఫీ లిపిలో ఖుర్ఆన్ వాక్యాలు నేటికీ చెక్కుచెదరకుండా ఉన్నాయి. ఖిబ్లా మాత్రం సరిగా లేదు. ఖుర్తుబా నుండి మక్కా ఇంచుమించు తూర్పున ఉంటే, మస్జిదు దక్షిణానికి మొగ్గి ఉంది. హకమ్ కాలంలో లెక్కలు తెలిసినవారు సరిదిద్దాలన్నారు. పూర్వీకులు ఏ దిక్కున నమాజు చేశారో ఆ దిక్కునే ఉంచాలని వాదించినవారు గెలిచారు. ఫిఖ్హ్ చదివేవారికి ఇది ఆలోచించదగిన ఉదాహరణ.

మిహ్రాబు ముందు ఇనుప కమ్మీలు. నేను అక్కడ నిలబడి ఉండగానే జుహ్ర్ వేళ అయింది. ఆ దేశంలో చలికాలంలో పొద్దు వాలటం ఒంటిగంటన్నరకు. కాపలాదారులు సందర్శకులను గమనిస్తూనే ఉంటారు. ఎవరైనా సజ్దా చేయబోతే ఆపుతారు. 2010లో ఆస్ట్రియా నుండి వచ్చిన ముస్లిం యువకులు కొందరు నమాజుకు నిలబడితే గొడవ జరిగి అరెస్టుల దాకా వెళ్ళింది. ముస్లిములకు అక్కడ నమాజు అనుమతించమని స్పెయిను ముస్లిం సంఘాలు చేసిన విజ్ఞప్తిని చర్చి అధికారులు నిరాకరించారు. 2006లో ఖుర్తుబా బిషపు పీఠం కేవలం 30 యూరోల రుసుము చెల్లించి ఆ కట్టడాన్ని తన పేర రిజిస్టరు చేయించుకుంది. దానిమీద ఆ దేశంలోనే, క్రైస్తవులలోనే, పెద్ద వివాదం నడిచింది.

నేను అక్కడ నమాజు చేయలేదు. మిత్రులు కొందరు తరువాత నన్ను మందలించారు. నా సమాధానం ఇది: భూమి యావత్తు మనకు మస్జిదుగా చేయబడిందని హదీసు. నది ఒడ్డుకు వెళ్ళి జుహ్ర్ చేసుకున్నాను. అతిథిగా వెళ్ళినచోట ఇంటివారి నియమం పాటించటం నమాజుకు లోటు కాదని నా నమ్మకం. నమాజు చేసుకుంటూ కళ్ళు తుడుచుకోవలసి వచ్చిందన్నది కూడా నిజమే. అది దాచిపెట్టను.

అల్లామా ఇఖ్బాల్‌కు ఈ అవకాశం దొరికింది. మూడవ రౌండ్ టేబుల్ సమావేశం ముగిశాక, 1933 జనవరిలో ఆయన స్పెయిను వెళ్ళి, అనుమతి తీసుకుని ఈ మస్జిదులో నమాజు చేశాడు. ఆ ఫోటోను ఉర్దూ చదివిన ఇళ్ళలో చాలామంది చూసే ఉంటారు. ఆ దర్శనంలో నుండి పుట్టిన 'మస్జిదె ఖుర్తుబా' కవిత 1935లో వెలువడిన 'బాలె జిబ్రీల్'లో చేరింది. అంతకు నాలుగేళ్ళ ముందే, 1929 జనవరిలో ఆయన హైదరాబాదు వచ్చి ఉపన్యాసాలిచ్చాడు. 1910లో వచ్చినప్పుడు గోలకొండ సమాధులను చూసి ఒక కవిత వ్రాశాడు. శిథిలాల ముందు నిలబడటం ఆయనకు కొత్త కాదు.

మస్జిదు నడిబొడ్డున ఉన్న గిరిజాఘర్‌ను చూసినప్పుడు మన మనసు కలతచెందటం సహజం. 1236 జూన్ 29న, అనగా హిజ్రీ 633 షవ్వాల్ నెలలో, కాస్తీలు రాజు ఫెర్నాందో ఖుర్తుబాను జయించి మస్జిదును చర్చిగా మార్చాడు. దాదాపు మూడు వందల ఏళ్ళు పెద్ద మార్పులు లేకుండానే గడిచాయి. 1523లో బిషపు మధ్యభాగం పడగొట్టి పెద్ద చర్చి కట్టబూనాడు. ఇక్కడొక సంగతి మన పుస్తకాలలో తరచుగా కనిపించదు. ఆ పనిని అడ్డుకున్నవారు ఖుర్తుబా నగరసభలోని క్రైస్తవులే. పడగొట్టటానికి చేయి వేసిన పనివారికి మరణశిక్ష అని వారు ఉత్తర్వు చేశారు. బిషపు కార్లోస్ చక్రవర్తి దగ్గరకు వెళ్ళి అనుమతి తెచ్చుకున్నాడు, పని సాగింది. ఆ నగరసభ ఓడిపోయింది నిజమే, కాని స్తంభాలలో ఎక్కువ భాగం మిగలటానికి అటువంటివారి అభిమానం కూడా కారణమని చెప్పకపోతే అన్యాయం.

గంటల కథ కూడా ఉన్నది. 997లో మన్సూరు సాంతియాగో నగరాన్ని దోచి, అక్కడి చర్చి గంటలను క్రైస్తవ బందీల భుజాల మీద ఖుర్తుబాకు మోయించాడు. 1236లో ఫెర్నాందో అవే గంటలను ముస్లిం బందీల భుజాల మీద తిరిగి మోయించాడు. ఈ రెండు వాక్యాలలో ఒకదానిని మాత్రమే పిల్లలకు చెప్పే ఉపాధ్యాయులు అక్కడా ఉన్నారు, ఇక్కడా ఉన్నారు.

మధ్యాహ్నం బస్సులో మదీనతుజ్జహ్రాకు వెళ్ళాను. నగరానికి పడమట, కొండవాలున ఉన్నది. మూడవ అబ్దుర్రహ్మాన్ ఖలీఫా బిరుదు ధరించిన పిమ్మట, 936లో ఈ రాచనగరాన్ని మొదలుపెట్టాడు. శస్త్రవైద్యానికి పితామహుడైన అబుల్ ఖాసిమ్ జహ్రావీ పేరు ఈ ఊరినుండి వచ్చిందే. ఆయన ముప్ఫై భాగాల 'తస్రీఫ్'లోని శస్త్రవిద్య ఖండం లాటినులోకి వెళ్ళి ఐరోపాకు పాఠ్యగ్రంథమయింది. ఊరు మాత్రం నూరేళ్ళు నిలవలేదు. 1009లో సింహాసనం కోసం ముస్లిముల మధ్యనే ఫిత్నా చెలరేగింది. మరుసటి సంవత్సరమే ఈ మహళ్ళు దోపిడీ అయ్యాయి. దోచినవారు ముస్లిం సైనికులు, ముస్లిం పౌరులు. క్రైస్తవ రాజు రావటానికి ఇంకా రెండు శతాబ్దాలు ఉన్నాయి. 1031లో ఖిలాఫత్ అంతరించింది. ఇమాం ఇబ్ను హజ్మ్ చిన్నప్పుడు పెరిగిన ఇల్లు ఆ అల్లరులలోనే పాడుపడింది. దాని శిథిలాల గురించి ఆయన వ్రాసుకున్న పేజీలు ఇప్పటికీ చదువుతారు.

పుస్తకాల సంగతీ అంతే. హకమ్ గ్రంథాలయంలో నాలుగు లక్షల సంపుటాలుండేవని, వాటి పట్టికే నలభై నాలుగు భాగాలని ప్రసిద్ధి. నాలుగు లక్షలన్నది అతిశయోక్తి కావచ్చు. ఆయన కన్నుమూసిన తరువాత అందులోని తత్త్వశాస్త్ర, ఖగోళ గ్రంథాలను ఏరి తగులబెట్టించినవాడు మన్సూరు. ఖుర్తుబాకు ఖాజీగా పనిచేసిన ఇబ్ను రుష్ద్ గ్రంథాలను 1195లో కాల్పించి ఆయనను ఊరు వెళ్ళగొట్టినవాడు మువహ్హిదీ సుల్తాను. మూడేళ్ళకు ఆయన మర్రాకష్‌లో మరణిస్తే, శవాన్ని ఖుర్తుబాకు తెచ్చారు. వాహనపు పశువు మీద ఒకవైపు శవపేటిక, బరువు సరితూగటానికి రెండవవైపు ఆయన వ్రాసిన పుస్తకాలు. ఆ దృశ్యాన్ని కళ్ళారా చూసి వ్రాసినవాడు ఇబ్ను అరబీ. ఇప్పుడు పాత నగరపు గోడ దగ్గర ఇబ్ను రుష్ద్ విగ్రహం పెట్టారు. కొంత దూరంలో యూదుల వీధిలో అదే నగరంలో పుట్టిన మూసా బిన్ మైమూన్ విగ్రహమూ ఉన్నది.

సాయంకాలం చీకటిపడింది. నాకు ఆ రోజంతా మనసులో మెదిలినవాడు విగ్రహం లేనివాడు, ఇమాం ఖుర్తుబీ (రహ్మలై). ఆయన తఫ్సీరు మన మదర్సాలలో తెలియనివారు లేరు. ఊరి పేరే ఆయన పేరు. అయినా ఆయన ఆ ఊరినుండి ఎలా వచ్చాడో అడిగేవారు అరుదు. ఆలి ఇమ్రాన్ సూరాలో షహీదుల ఆయత్ దగ్గర, షహీదు శవానికి స్నానం చేయించాలా వద్దా అన్న చర్చలో, ఆయన తన సొంత సంగతి ఒకటి చెబుతాడు. హిజ్రీ 627 రమజాను మూడవ తేదీ, అనగా 1230 వేసవి. తెల్లవారుజామున శత్రువులు ఖుర్తుబా మీద పడ్డారు. జనం ఏమరుపాటుగా కళ్ళాలలో ఉన్నారు. చాలామంది హతమయ్యారు, చాలామంది బందీలయ్యారు. హతులలో ఖుర్తుబీ తండ్రి ఒకరు. కొడుకు తన ఉస్తాదు దగ్గరకు పరుగెత్తి, ఏం చేయమంటారని అడిగాడు. యుద్ధపంక్తుల మధ్య చనిపోలేదు గనుక స్నానం చేయించి, జనాజా నమాజు చేయమన్నారు ఆయన. అలాగే చేశాడు. తరువాత మరొక గ్రంథంలో వేరొక అభిప్రాయం చూశాడు. అది అప్పుడే తెలిసి ఉంటే స్నానం చేయించకుండా, ఆ రక్తంతోనే, ఆ బట్టలతోనే ఖననం చేసేవాణ్ణి అని వ్రాసుకున్నాడు. తఫ్సీరులో పరాయి అభిప్రాయాల నడుమ ఈ మాట ఉంటుంది. ఆరేళ్ళ తరువాత నగరం పడిపోయింది. ఆయన ఈజిప్టు చేరి, అక్కడే 1273లో కన్నుమూశాడు.

ఈ సంగతి తాండూరులో ఒక కూడికలో చెప్పినప్పుడు అక్కడున్న రైతులకు కళ్ళం అన్న మాట వివరించనవసరం లేకపోయింది. అవి కంది కోతల రోజులు. ఒక పెద్దాయన మాత్రం, "ఆయన తండ్రికి స్నానం చేయించటం తప్పేమీ కాదు గద బేటా, తెల్వక చేసిండు" అని రెండుసార్లు అన్నాడు. నాకు ఆ తరువాత ఉపన్యాసం ముందుకు సాగలేదు.

మళ్ళీ నవాబు దగ్గరకు వస్తాను. ఖుర్తుబాను చూసిన మన పెద్దలలో ఎక్కువమంది కవిత్వం వ్రాశారు, లేదా విలపించారు. వికారుల్ ఉమరా మస్జిదు కట్టబూనాడు. బేగంపేట మస్జిదుకు మామూలు మీనార్లు లేవు. వాటి స్థానంలో కోసుగా లేచిన శిఖరాలు ఉన్నాయి. దారినపోయేవారు దాన్ని చర్చి అనుకోవటం ఇప్పటికీ జరుగుతుంది. లోపలికి వెళితే స్తంభాలు, గుర్రపునాడా కమానులు ఖుర్తుబాను గుర్తుకు తెస్తాయి. ఖుర్తుబా ఎక్కడ, ఇది ఎక్కడ అని పెదవి విరిచేవారున్నారు. పరిమాణంలో ఆ మాట నిజమే. శిల్పరీత్యా కూడా బయటి శిఖరాలకు, లోపలి కమానులకు పొత్తు పూర్తిగా కుదరలేదని నా అభిప్రాయం. కాని ఖుర్తుబాలో లేనిది ఒకటి ఇక్కడ ఉన్నది, రోజుకు ఐదు పూటలా అజాన్.

మస్జిదు 1906లో పూర్తయింది. నవాబు అంతకు నాలుగేళ్ళ ముందే, 1902లో మరణించాడు. తాను చూసివచ్చిన కమానుల కింద తన ఊళ్ళో ఒక్క నమాజు కూడా చేసుకోలేదు. అప్పులు చేసి కట్టిన ఫలక్‌నుమా ఆయన బ్రతికి ఉండగానే చేజారింది. 2010 నుండి అది పెద్ద హోటలుగా నడుస్తున్నది. బేగంపేట మస్జిదు వంశీయుల చేతి మీదుగా నిలిచింది.

వికారాబాద్, తాండూరు వైపు నుండి పట్నం వెళ్ళే పాఠకులు బేగంపేట స్టేషనులో దిగితే మస్జిదు ఎంతో దూరం లేదు. జుహ్ర్ వేళకు వెళ్ళటం మంచిది. నమాజు అయ్యాక జనం వెళ్ళిపోయేదాకా కాసేపు కూర్చుని, తలెత్తి ఆ కమానులను చూడండి. అక్కడ ఎవరూ ఆపరు.